సాయంత్రం 7 తరువాత: ఒక వ్యాసం తిరగరాసిన డైరీ

అక్టోబర్ 9

గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14న మొదలవుతాయి. ముగింపు రోజు, 20వ తేదీన, మా ఊరి శాఖా గ్రంథాలయంలో సభ. పాఠకుల తరఫున ఒకరు మాట్లాడాలని, రాసుకొచ్చి చదివితే ఇంకా మంచిదని లైబ్రేరియన్ గారు అడిగారు. నేను రాస్తానన్నాను. జిల్లా గ్రంథాలయ సంస్థ నుంచి అధికారులు వస్తారు. నాకు ఎనిమిది నిమిషాలు.

డిగ్రీ అయ్యాక రెండేళ్లు నేను ఆ గదిలోనే కూర్చుని చదువుకున్నాను. ఇప్పుడు రైసుమిల్లులో లెక్కలు రాసే ఉద్యోగం చేస్తున్నానంటే ఆ కిటికీ పక్క కుర్చీ చలవే. మిల్లు నుంచి బయటపడేసరికి 6.10 అవుతుంది, లైబ్రరీ చేరేసరికి 6.20. ఏడింటికి తాళం పడుతుంది. ఆ తలుపు ఇంకాసేపు తెరిచి ఉంచాలని అధికారులను ఒప్పించడమే నా వ్యాసం పని. మూడు రాత్రులు కూర్చుని చిత్తుప్రతి పూర్తి చేశాను. పదకొండు పేజీలు వచ్చింది.

అక్టోబర్ 11

వదినకు చదివి వినిపించాను. వదిన పక్క మండలంలో పంచాయతీ బిల్లు కలెక్టరు. రోజూ గడప గడపకూ వెళ్లి పన్ను కట్టమని జనాన్ని ఒప్పించే మనిషి. ఒప్పించడం గురించి ఆమెకు తెలిసినంత నాకు తెలియదు.

అంతా విని, "బాగుంది. ఇంతకూ వాళ్లను ఏం చేయమంటున్నావు?" అంది.

కాగితాలు తిరగేసి చూశాను. అడగవలసిన మాట పదో పేజీలో ఒక్క వాక్యంగా ఉంది: "కాబట్టి గ్రంథాలయాలను పునరుద్ధరించి, పనివేళలు పెంచి, భావితరాలకు అందించాలి." ఏ గ్రంథాలయాలు? ఎన్ని గంటలు పెంచాలి? ఎవరు పెంచాలి? ఆ వాక్యం విన్న అధికారి చేతిలో పెన్ను ఉన్నా ఏం రాసుకోవాలో తెలియదు. ఎవరూ కాదనలేని మాట అది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు కూడా.

రాత్రి ఒక తెల్లకాగితం మీద నా అభ్యర్థనను ఒక్క వాక్యంలో రాయడానికి ప్రయత్నించాను. నాలుగుసార్లు కొట్టేశాక ఇది మిగిలింది: "మా శాఖా గ్రంథాలయాన్ని సాయంత్రం 7కు బదులు రాత్రి 9 వరకు తెరిచి ఉంచాలి." ఇప్పుడు దీన్ని ఎవరైనా కాదనవచ్చు. కాదంటే ఎందుకు కాదో చెప్పవలసి వస్తుంది. కాగితాన్ని బల్ల ముందు గోడకు అంటించాను.

అక్టోబర్ 13

ఈ రోజంతా ఎర్ర పెన్సిలుతోనే గడిచింది. వ్యాసంలో "ఇది నిజం" అని చెప్పే ప్రతి వాక్యం కిందా గీత గీశాను. 31 వచ్చాయి. ఒక్కోదాని పక్కన మార్జిన్‌లో "ఎలా తెలుసు?" అని రాసుకుంటూ పోయాను. 9 వాక్యాలకు జవాబు దొరికింది. మిగిలిన 22కీ "అందరూ అంటారు" అనడం తప్ప నా దగ్గర ఇంకేమీ లేదు.

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టినది మొదటి పేరానే. అది ఇలా ఉంది:

"నేటి యువత పుస్తక పఠనానికి పూర్తిగా దూరమైంది. సెల్‌ఫోన్ల మాయలో పడి గ్రంథాలయాల వైపు కన్నెత్తి చూడడం లేదు. ఒకప్పుడు పాఠకులతో కళకళలాడిన గ్రంథాలయాలు నేడు వెలవెలబోతున్నాయి."

చదవడానికి సాఫీగా ఉంది. బడిలో వ్యాసం రాయమంటే ఇలాగే మొదలుపెట్టేవాళ్లం. కానీ నిన్న సాయంత్రం నేను వెళ్లేసరికి కుర్చీ ఖాళీ లేదు. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు, డీఎస్సీకి చదువుకునే పిల్లలు మోచేతులు తగిలేలా కూర్చుని ఉన్నారు. యువత రావడం లేదని రాసిన నేను, అదే యువత కోసం ఇంకా ఎక్కువసేపు తెరవమని అడుగుతున్నాను! ఎవరూ రాని గదిని రాత్రి దాకా తెరవడం ఎందుకని అధికారి అడిగితే నా మొదటి పేరాయే ఆయనకు ఆధారమవుతుంది.

మూడు వాక్యాలూ కొట్టేశాను.

అక్టోబర్ 14

గది నిండుతోంది అన్నది నా కంటికి కనిపించిన సంగతి. రుజువు కావాలి. సందర్శకుల రిజిస్టరు చూపించమని లైబ్రేరియన్ గారిని అడిగాను. తేదీ, పేరు, ఊరు, సంతకం ఉన్నాయి. వచ్చిన సమయం రాసే గడి లేదు. రోజుకు ఎంతమంది వచ్చారో ఆ రిజిస్టరు చెబుతుంది. ఏ వేళకు ఎంతమంది ఉన్నారో, తాళం వేసేటప్పుడు ఎంతమంది లేచి వెళ్లారో చెప్పదు. నాకు కావలసింది ఆ రెండోదే.

ఈ రిజిస్టరు మొత్తాన్ని వ్యాసంలో పెడదామని మొదట అనుకున్నాను. పెద్ద సంఖ్య, చూడడానికి బాగుంటుంది. కానీ పొద్దున పేపరు చదివి వెళ్లే పెద్దవాళ్లు కూడా అందులో ఉన్నారు. వాళ్ల సంతకాలతో రాత్రి వేళ అవసరాన్ని నిరూపించలేను. ఆ సంఖ్యను పక్కన పెట్టాను.

అక్టోబర్ 15 నుంచి 21 వరకు

మనమే లెక్కపెట్టాలి. మిల్లు వదిలే దాకా నేను వెళ్లలేను కాబట్టి 4 నుంచి 6 వరకు మా మేనకోడలు, ఆ తరువాత నేను. శుక్రవారం సెలవు పోగా ఆరు రోజులు. మేనకోడలు ఇంటర్ రెండో సంవత్సరం. గీతల కాగితం మీద అరగంటకో గడి గీసి, ఒక్కో మనిషికి ఒక్కో నిలువు గీత, ఐదో మనిషికి అడ్డగీత పెట్టింది. ఆ కాగితం వ్యాసానికి జత చేస్తాను, పెన్సిలు చెరుపులతో సహా.

గదిలో కుర్చీలు 22. సాయంత్రం 4.30కి ఏ రోజూ ఆరుగురికి మించలేదు. 6.30కి ఏ రోజూ 15 మందికి తగ్గలేదు. నాలుగో రోజు 22 మంది కూర్చుని, మరో ఇద్దరు కిటికీ గట్టు మీద ఉన్నారు. ఆ గడి చూసినప్పుడు ఇదే వ్యాసానికి మొదటి వాక్యమని సంబరపడ్డాను. తరువాత తెలిసింది, మర్నాడు ఒక పోటీ పరీక్ష ఉందట. అలాంటి రోజును మామూలు రోజుగా చూపించకూడదు. ఆరు రోజుల్లో తక్కువగా ఉన్న రోజునే ముందు చెప్పి, నాలుగో రోజు గురించి "పరీక్ష ముందురోజు" అని విడిగా రాశాను.

తలలు లెక్కపెడితే ఇంకో ప్రశ్న వచ్చింది. 6.30కి ఉన్నవాళ్లు 7 తరువాత కూడా ఉంటారని ఎలా చెప్పగలను? చివరి మూడు రోజులూ తాళం వేసే వేళకు గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడిగాను. "ఉంటారా?" అని అడిగితే అందరూ "ఆహా, ఉంటాం" అంటున్నారు. అది మర్యాద, సాక్ష్యం కాదు. అందుకని ప్రశ్న మార్చాను: "ఇప్పుడు ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్లి చదువుకుంటారు?" అప్పుడు నిజాలు బయటికొచ్చాయి. ఒక అబ్బాయి బస్టాండులో లైటు కింద తొమ్మిది దాకా కూర్చుంటాడట. ఇంకొకతను మేడ మీద, దోమలు భరించలేనంత దాకా. ఒకమ్మాయి ఇంట్లో టీవీ ఆపేదాకా వంటింట్లో ఎదురుచూస్తుందట. ఇద్దరు మాత్రం ఇంట్లో గది ఉందని, లైబ్రరీ అక్కర్లేదని నిజాయితీగా చెప్పారు. ఆ ఇద్దరినీ కూడా లెక్కలో రాశాను.

అక్టోబర్ 23

మూడు పేజీల చరిత్ర భాగం మీద ఈ రోజు కూర్చున్నాను. చిత్తుప్రతిలో నాకు ప్రాణమైన భాగం అది. హైదరాబాదులో 1901లో వెలిసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో జరిగిన గ్రంథాలయ మహాసభ, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం, 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన, 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద నడిపించిన పడవ గ్రంథాలయం. రాస్తూ ఉంటే ఒళ్లు పులకరించింది.

కానీ గోడ మీది వాక్యం చూశాను. మన పూర్వులు గొప్పవాళ్లన్న మాట నిజం. దానివల్ల మా లైబ్రరీ రాత్రి ఎందుకు తెరవాలో తేలదు. సభలో చప్పట్లు వస్తాయి, పని కాదు. మూడు పేజీలూ తీసి విడిగా కవరులో పెట్టాను.

అక్టోబర్ 24

రాత్రి నిద్ర పట్టక పడవ గ్రంథాలయం గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. దాన్ని నేను గొప్పతనానికి గుర్తుగా వాడాను. అసలు ఆ పడవ చేసిన పని ఏమిటి? పాఠకుడు ఎక్కడ ఉంటే పుస్తకం అక్కడికి వెళ్లడం. అంటే పాఠకుడి వీలును బట్టి గ్రంథాలయం తన పద్ధతి మార్చుకోవడం. ఇది నా వాదనకు నేరుగా అతుకుతుంది. రెండు వాక్యాలు వెనక్కి తెచ్చాను: "1935లో మన కాలువ మీద పాఠకుల దగ్గరికి పుస్తకాలు పడవలో వెళ్లాయి. మేము అడుగుతున్నది పాఠకులు వచ్చే వేళకు తలుపు తెరిచి ఉంచమని మాత్రమే." కొల్లూరు మాకు దూరం కాదు, వినేవాళ్లకు ఆ కాలువ తెలుసు.

దాని పక్కనే గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారిని పెట్టాను. ఆయన 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు ప్రకటించారు, మొదటిది పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికేనని. ఆ సూత్రాన్ని వివరిస్తూ ఆయన గ్రంథాలయం ఉండే చోటు గురించీ, తెరిచి ఉంచే వేళల గురించీ మాట్లాడారు. వచ్చే అధికారులు గ్రంథాలయ శాస్త్రం చదివినవాళ్లు, ఆయన మాట వాళ్లకు బాగా తెలిసినదే. మిగతా చరిత్ర కవరులోనే ఉంది.

అక్టోబర్ 26

"పనివేళలు పెంచడం వల్ల సిబ్బందికి పెద్దగా ఇబ్బంది ఉండదు." ఏడో పేజీలో నేను రాసిన వాక్యం. సిబ్బంది అంటే ఒకే ఒక్క మనిషి, లైబ్రేరియన్ గారు. ఆయనను అడగకుండానే రాశాను. ఈ వాక్యం గురించి నాకు ఇప్పటికీ బాధగా ఉంది.

ఈ రోజు అడిగాను. ఆయన పుస్తకాలకు నంబర్లు వేస్తూనే చెప్పారు: "పొద్దున 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7 అమ్మా. మా ఊరికి 7.20కి బస్సు. అది పోతే మళ్లీ 9.10కే." ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. రాత్రి 9 దాకా అంటే ఆయన ఇల్లు చేరేది ఎప్పుడు?

పోనీ వేళలు జరిపితే? నాలుగింటికి జనం తక్కువని మా లెక్కే చెబుతోంది కదా, 5 నుంచి 8 చేస్తే సరిపోతుందని సాయంత్రం ఒక పేజీ రాశాను. బస్సు సమస్య అలాగే ఉండిపోయింది. పైగా నాలుగింటికి వచ్చే ఆ ఆరుగురిలో బడి వదిలాక తల్లి పొలం నుంచి వచ్చే దాకా బొమ్మల పుస్తకాలు చూసే చిన్నపిల్లలు ఇద్దరు ఉన్నారు. వాళ్ల గంటను లాక్కుని మేము తీసుకోలేం. ఆ పేజీ చింపేశాను.

చివరికి గోడ మీది వాక్యం మారింది: "7 నుంచి 8.30 వరకు రీడింగ్ రూం మాత్రమే, పుస్తకాల ఇచ్చిపుచ్చుకోలు లేకుండా, ఊళ్లోనే ఉండే ఒక పార్ట్‌టైం సహాయకుడి పర్యవేక్షణలో, మూడు నెలలు ప్రయత్నంగా తెరవాలి." పొడుగైంది. కానీ ఇందులో ప్రతి ముక్కా ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబు.

అక్టోబర్ 27

డబ్బు ఎక్కడిది? చిత్తుప్రతిలో "ప్రభుత్వం దయతలచి నిధులు కేటాయించాలి" అని రాశాను. వదిన నవ్వలేదు, బీరువా తెరిచి మా ఇంటి పన్ను రసీదు తెమ్మంది.

మడతలు పడిన గులాబీ రంగు కాగితం. వరుసగా ఇంటి పన్ను, గ్రంథాలయ పన్ను, నీటి పన్ను, వీధి దీపాలు, డ్రైనేజీ. ఏటా కడుతున్నాను, రెండో వరుస మీద ఎప్పుడూ చూపు ఆగలేదు. ఇంటి పన్ను 1,250 రూపాయలు. దాని కింద గ్రంథాలయ పన్ను 100 రూపాయలు. రూపాయికి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద స్థానిక సంస్థలు దీన్ని ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మద్రాసు రాష్ట్రంలో 1948లోనే ఇలాంటి చట్టం వచ్చింది, తెలంగాణ ప్రాంతంలో 1955లో వచ్చింది. ఆ రెండింటి స్థానంలోనే 1960 చట్టం వచ్చింది.

"దయతలచి" అన్న మాట కొట్టేశాను. పన్ను కట్టినవాళ్లం అడుగుతున్నాం. ఒక్క రసీదుతో వ్యాసం గొంతే మారిపోయింది.

ఆ ఊపులో "ఈ నిధులు పుష్కలంగా ఉన్నాయి" అని రాశాను. వదిన ఆపింది. "వసూలు చేసింది వేరు, జమ చేసింది వేరు. మీ ఊళ్లో ఎంత వసూలైందో, అందులో ఎంత జమ అయిందో నువ్వు చూశావా?" లేదు. సమాచార హక్కు చట్టం కింద మా పంచాయతీకి దరఖాస్తు రాశాను: గత మూడేళ్లలో వసూలైన గ్రంథాలయ పన్ను ఎంత, గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత. గ్రామ స్థాయిలో రుసుము లేదు. జవాబుకు 30 రోజుల గడువు, అంటే సభ అయిపోయాక.

నవంబర్ 2

చేతిలో లేని అంకెను ఎలా రాయాలి? రెండు రోజులు దీనితోనే సరిపోయింది. "కోట్లు మూలుగుతున్నాయి" అని రాయడం తేలిక, ఒక అధికారి లేచి కాదంటే వ్యాసం మొత్తం కూలిపోతుంది. చివరికి తెలిసినంతే రాశాను: "ప్రతి రూపాయి ఇంటి పన్నుకూ 8 పైసలు గ్రంథాలయం కోసం కడుతున్నాం. ఇదిగో రసీదు. అందులో మా ఊరి నుంచి ఎంత జమ అయిందో తెలుసుకోవడానికి అక్టోబర్ 27న దరఖాస్తు చేశాం. ఆ వివరం ఈ సభలోనే తెలియజేస్తే సంతోషిస్తాం." నాకు లోటుగా ఉన్న చోటు ఇప్పుడు వాళ్లు జవాబు చెప్పవలసిన ప్రశ్న అయింది.

నవంబర్ 6

ఎదురు మాటలు. చిత్తుప్రతిలో ఒక్కటీ లేదు, అందరూ ఒప్పుకుంటారన్నట్లు రాసుకుపోయాను.

"అన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా" అన్నది మొదటిది. దీనికి పెద్ద జవాబు అవసరం లేదు. గదిలో సగం మంది ఫోనులోనే పాఠాలు వింటూ నోట్సు రాసుకుంటున్నారు. వాళ్లు వచ్చేది పుస్తకం కోసం కాదు, బల్ల కోసం, లైటు కోసం, నిశ్శబ్దం కోసం. ఆ మాటే రాశాను.

అమ్మాయిల సంగతి అంత తేలిక కాలేదు. "బాలికలకు ఎంతో మేలు" అని రాసి ఉంది. నలుగురు తల్లులను అడిగాను. చీకటి పడ్డాక పంపేది లేదని ముగ్గురు చెప్పారు. ఒకామె మాత్రం, "తమ్ముడు తోడు ఉంటే పంపుతాను" అంది. లైబ్రరీ నుంచి సెంటరు దాకా రెండు స్తంభాలకు దీపాలు లేవు. వీధి దీపాల గురించి కూడా ఒక పేరా రాస్తానంటే వదిన వద్దంది, ఒక వ్యాసంలో రెండు అర్జీలు పెడితే రెండూ పోతాయని. నిజమే, దీపాల అర్జీ విడిగా పంచాయతీకి ఇచ్చాను. వ్యాసంలో "ఎంతో మేలు" తీసేసి, "ఈ వేళ అమ్మాయిల్లో కొందరికే వీలవుతుంది" అని రాశాను. రాయడానికి మనసు ఒప్పలేదు. కానీ ఆ ముగ్గురు తల్లులూ సభలో ముందు వరుసలో కూర్చుంటారు. వాళ్లకు తెలిసిన నిజాన్ని నేను దాచిపెడితే మిగతా మాటలు ఎవరు నమ్ముతారు?

"తెరిచాక ఎవరూ రాకపోతే?" అన్నది మూడోది, లైబ్రేరియన్ గారే అడిగారు. దీనికి జవాబు రాయడానికి ధైర్యం కావలసి వచ్చింది: "రిజిస్టరులో వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాసే గడులు చేర్చండి. మూడు నెలల్లో సగటున రోజుకు ఎనిమిది మంది కూడా ఉండకపోతే మళ్లీ 7కే మూసేయండి, మేము అడగం." నేను ఓడిపోయే షరతును నేనే రాసుకున్నాను. వదిన ఆ వాక్యం చదివి కాగితం బల్ల మీద పెట్టి, "ఇప్పుడు వాళ్లు కాదనడం కష్టం" అంది.

నవంబర్ 12

పదకొండు పేజీలు మూడున్నరకు వచ్చాయి. మొదటి పేరా ఇప్పుడు ఇది:

"అక్టోబర్‌లో ఆరు రోజుల పాటు మా రీడింగ్ రూంలో పాఠకులను లెక్కపెట్టాం. కుర్చీలు 22. సాయంత్రం 6.30కి 15 మందికి తగ్గిన రోజు లేదు. ఏడింటికి తాళం పడ్డాక వారిలో ఒకరు బస్టాండు లైటు కింద కూర్చుని చదువుకుంటున్నారు."

బస్టాండు అబ్బాయిని అడిగాకే ఆ వాక్యం ఉంచాను. పేరు రాయవద్దన్నాడు, రాయలేదు.

"తప్పకుండా", "ఎంతో", "నిస్సందేహంగా" అన్న మాటలు వెతికి వెతికి తీశాను. పద్నాలుగు ఉన్నాయి. "పాఠకులు తప్పకుండా వస్తారు" అన్నచోట "7 తరువాత చదువుకోవడానికి వస్తామని 11 మంది సంతకాలు చేశారు" అని పెట్టాను.

నవంబర్ 18

ఫోనులో సమయం పెట్టుకుని చదివాను. ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. రసీదు ఎత్తి చూపించడానికి మిగిలిన సమయం సరిపోతుంది.

సాయంత్రం లైబ్రేరియన్ గారికి శుద్ధప్రతి ఇచ్చాను. ఆయన గురించి రాసిన పేరా ఆయన చూడకుండా చదవకూడదు. నిలబడే చదివి, పెన్ను అడిగి ఒక్కచోట దిద్దారు. "బస్సు ఇప్పుడు 7.10కి అమ్మా, మొన్నటి నుంచి మార్చారు." సంతకాల కాగితం అడిగి, పన్నెండోది తనది పెట్టారు. 11ని 12 చేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. ఆయన పాఠకుడిగా పెట్టలేదు కాబట్టి అంకె మార్చలేదు, "గ్రంథాలయాధికారి కూడా సమ్మతించారు" అని కింద చేర్చాను.

కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కిటికీ గట్టు మీద కూర్చుని చివరిసారి చదువుకోవడం మొదలుపెట్టాను. మూడో పేజీలో ఉండగా ఏడయింది, ఆయన బస్సు కోసం గబగబా లైట్లు ఆర్పారు. మిగిలిన అర పేజీ బస్టాండులో చదివాను, ఆ అబ్బాయి పక్కకు జరిగి చోటిచ్చాడు.